తొమ్మిదో పాఠంలో మూడు వాక్యాలు

పోయిన నెల మా అమ్మాయి సఫియా తన ఫోన్ నా ముందు పెట్టి, "అబ్బా, నువ్వు చదివింది ఇదేనా?" అని అడిగింది. తను దోహాలోనే యూనివర్సిటీలో మొదటి సంవత్సరం చదువుతోంది. ఈసారి సరదాగా లాటిన్ తీసుకుంది. తెర మీద పై సగంలో ఒక లాటిన్ పేరా, కింది సగంలో దాని ఇంగ్లీషు. పుస్తకాన్ని కెమెరాకు చూపించిందట, కిందిది దానంతట అదే వచ్చిందట. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పైన పదకొండు వాక్యాలు, కింద పదకొండు. ఎక్కడా ఒక్క ఖాళీ లేదు. అంత నున్నటి అనువాదం చూస్తే సంతోషం కలగాలి. నాకు మాత్రం అరచేతులు చెమట పట్టాయి. దోహా శివారు ముఐథర్‌లో మా ఇంటి హాల్లో, ఏసీ నడుస్తుండగా, పెళ్లాం పిల్లలున్న మనిషిని, పరీక్ష హాలు బయట నిలబడ్డ కుర్రాడినైపోయాను. "నీకు లాటిన్ వచ్చంటే మా ఫ్రెండ్స్ నమ్మరు" అని నవ్వింది సఫియా. వచ్చని చెప్పలేను, రాదని కూడా చెప్పలేను. రెండింటికీ మధ్య ఉన్నదేమిటో ఫోన్ చూస్తూ ఒక్క ముక్కలో చెప్పడం నా వల్ల కాలేదు.

అప్పట్లో మేం దోహాకి దక్షిణాన మెసయీద్‌లో ఉండేవాళ్లం. నాన్న ఎరువుల ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరు. కంపెనీ ఇచ్చిన రెండు గదుల ఇల్లు. గాలి సముద్రం వైపు నుంచి వీస్తే ఉప్పు వాసన, ఫ్యాక్టరీ వైపు నుంచి వీస్తే అమ్మోనియా వాసన. గాలి ఎటు తిరిగిందో అమ్మీ కిటికీ తెరవకుండానే చెప్పేది, ఎందుకంటే బట్టలు ఎప్పుడు ఆరెయ్యాలో ఆమెకి దాన్నిబట్టే తేలాలి. నాన్న యూనిఫాంకి వేరే బకెట్టు ఉండేది. డ్యూటీ దిగి రాగానే ఆయన సేఫ్టీ బూట్లు గుమ్మం బయట పాత పేపరు మీద విప్పి, రెండూ గోడకి సరిగ్గా ఆనేలా జరిపి, అప్పుడు లోపలికి వచ్చేవారు. వంటింట్లో డబ్బాలు కూడా ఆయన స్టోర్ పద్ధతిలోనే ఉండాలి. కొత్త కందిపప్పు పాతదాని వెనక. అమ్మీ తొందరలో వెనకదాన్ని ముందు విప్పితే అన్నం ముందు కూర్చోగానే కనిపెట్టేవారు, ఆమె నవ్వు ఆపుకుంటూ "హౌ, తప్పైంది సాబ్" అనేది. అమ్మీతో మాది దక్కనీ ఉర్దూ, నాన్నతో తెలుగు, పిలవడం మాత్రం అబ్బా అని. ఆయనది నిజామాబాద్ దగ్గర ఊరు, తెలుగు బడిలో చదువుకున్న మనిషి. నాకు తెలుగు అక్షరాలు, ఇరవై దాకా ఎక్కాలు, ఆపైన ముప్పావు ఎక్కం నేర్పింది ఆయనే, చేతిలో పాలు లేని సులైమానీ చాయ్ గ్లాసు పట్టుకుని. నేను తడబడితే కోప్పడేవారు కాదు. గ్లాసు కింద పెట్టేవారు, అంతే. ఆ చప్పుడుకే నేను ఎక్కం మళ్లీ మొదటి నుంచి అందుకునేవాణ్ణి.

కాలేజీ వయసు వచ్చేసరికి అసలు భయం మొదలైంది. ఎదిగిన కొడుకు తండ్రి వీసా మీద ఉండాలంటే చదువుకుంటున్నట్టు ఏటా కాలేజీ నుంచి కాగితం తేవాలి. ఆ కాగితం ఉన్నంతవరకే నేను ఆ ఇంటి మనిషిని. దోహాలో ఒక విదేశీ యూనివర్సిటీ శాఖలో చరిత్ర చదవడానికి సీటు దొరికింది, ఫీజు లేకుండా. షరతు ఒక్కటే, మొదటి ఏడాది ఏ సబ్జెక్టూ తప్పకూడదు. తప్పితే సీటు పోతుంది. సీటు పోతే కాగితం రాదు. కాగితం రాకపోతే నేను ఒక్కణ్ణే నిజామాబాద్ వెళ్లి, సెలవుల్లో తప్ప చూడని పెద్దనాన్న ఇంట్లో ఉండాలి. ఐదేళ్లప్పుడు మెసయీద్ వచ్చినవాణ్ణి, నాకు వేరే ఊరు తెలియదు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి దోహా చేరేలోపు ఈ మూడు మెట్లూ మనసులో ఒకసారి దిగి చూసేవాణ్ణి. సాయంత్రం తిరిగొస్తూ మళ్లీ దిగేవాణ్ణి.

మొదటి ఏడాది ఒక ప్రాచీన భాష నేర్చుకోవడం తప్పనిసరి. అరబ్బీ తీసుకుందామంటే ఆ క్లాసులో అందరూ ఇంట్లో అరబ్బీ మాట్లాడేవాళ్లే, వాళ్ల మధ్య నేను నెగ్గలేను. లాటిన్ పుస్తకం తెరిచి చూస్తే నిండా పట్టికలు. నామవాచకాలకు ఐదు తరగతులు, ఒక్కోదానికి ఆరు విభక్తులు, ఏకవచనం బహువచనం కలిపి అరవై గళ్లు. క్రియకి ఆరు కాలాలు, కాలానికి ఆరు రూపాలు, ముప్పై ఆరు. కర్మణి కలిపితే డెబ్భై రెండు. లెక్కకు వచ్చేది ఏదైనా లొంగుతుందని నా నమ్మకం. లాటిన్ అని రాసి సంతకం పెట్టేశాను. ఆ వారమే పెద్దనాన్న ఫోన్ చేశారు.

"అరే ఆరిఫ్, దుబాయ్‌ల ఏం చదువుతున్నవ్‌రా?"

"దుబాయ్ కాదు బడేఅబ్బా, ఖతర్. లాటిన్ చదువుతున్న."

"లాటినా? అదేమన్న జబ్బా? డాక్టర్ చదువైతే మంచిదేరా."

"భాష, బడేఅబ్బా. పాత భాష. ఇప్పుడు ఎవ్వరు మాట్లాడరు."

ఫోన్‌లో కాసేపు గరగర. "ఎవ్వరు మాట్లాడకుంటే నువ్వు ఎవరితోని మాట్లాడుతవ్?" అన్నారు ఆయన.

మాకు లాటిన్ చెప్పిన డాక్టర్ గ్రేస్‌ది మాల్టా. అరవై దాటిన చిన్న మనిషి, నల్ల చొక్కా చేతుల మీద ఎప్పుడూ సుద్దపొడి. క్లాసులో తొమ్మిదిమందిమి. పుస్తకంలో పద్నాలుగు పాఠాలు, ఒక్కోదానికి ఆమె ఇంగ్లీషు అనువాదం చెప్పి రాయించేవారు. పట్టికలన్నీ నాకు నెలలోపే వచ్చేశాయి. కానీ గళ్లలో నిద్రపోతున్న మాటలు వాక్యంలో లేచి నిలబడేసరికి ఏది ఎవరో పోల్చుకోలేకపోయేవాణ్ణి. తెలుగులో లాగే అక్కడా మాట చివర చూసి దాని పని తెలుసుకోవాలి. అంత తెలిసీ, పరీక్ష అనే భయంలో నాకు ఓపిక లేకపోయింది. పద్నాలుగు పాఠాల వాక్యాలూ లెక్కపెట్టాను, రెండు వందల పన్నెండు. ప్రతి వాక్యానికీ నంబరు వేసి, ఇంగ్లీషు అనువాదం మొత్తం కంఠస్థం చేశాను. చిన్నప్పుడు కంపెనీ క్యాంప్ మసీదులో హాఫిజ్ సాబ్ దగ్గర ఖురాన్ సూరాలు నేర్చుకున్నది అలాగే. ముందు నోటికి రావాలి, అర్థం వయసుతో పాటు వస్తుంది. అక్కడ అది సరైన పద్ధతి, ఆ మాటలు నోట ఉండటమే బర్కత్, పుణ్యం. దాన్ని తెచ్చి లాటిన్ మీద ప్రయోగించడం నా తప్పు. ఆరో పాఠం నాలుగో వాక్యం అంటే టక్కున చెప్పగలిగేవాణ్ణి. ఆ వాక్యంలో ఏ మాటకి ఏ అర్థమో అడిగితే మాత్రం నోరు తెరిచేవాణ్ణి కాదు. అదృష్టమో దురదృష్టమో, ఎవరూ అడగలేదు.

పరీక్షలో తొమ్మిదో పాఠం వచ్చింది. మొదటి మాట చూడగానే గుర్తుపట్టాను. పదిహేడు వాక్యాలు, పేపరు వైపు మళ్లీ చూడకుండా రాసేసి అందరికంటే ముందు బయటికొచ్చాను. నాలుగు రోజుల తరువాత డాక్టర్ గ్రేస్ తన గదికి పిలిచారు. బల్ల మీద ప్రశ్నపత్రం, పక్కనే నా జవాబు.

"ఆరిఫ్, చాలా చక్కటి అనువాదం. నేను క్లాసులో చెప్పినదానికి ఒక్క మాట తేడా లేదు" అన్నారు. నేను థాంక్స్ చెప్పబోయాను. "ఈ ఏడో వాక్యం, గుర్రం నది దాటడం. ప్రశ్నపత్రంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించు."

వేలు పెట్టాను. ఆరు వాక్యాల వరకు వచ్చింది. ఆ తరువాతి వాక్యంలో గుర్రం ఉందో లేదో కూడా నాకు తెలియడం లేదు. వేలు కిందికి, మళ్లీ పైకి పోయింది. ఆమె తొందర పెట్టలేదు, అదే ఎక్కువ బాధ.

"ఏడు, ఎనిమిది, తొమ్మిది నేను తీసేశాను. కాగితం మీద ఉన్నవి పద్నాలుగు. నువ్వు పదిహేడు అనువదించావు."

మెట్లెక్కితే మెట్లు, బస్సులో కూర్చుంటే దీపస్తంభాలు లెక్కపెట్టే నేను, ఆ ఒక్క రోజు కాగితం మీద వాక్యాలు లెక్కపెట్టలేదు. "కాపీ కొట్టలేదు మేడం" అన్నాను.

"తెలుసు. కొట్టి ఉంటే నీకూ నాకూ పని తేలికయ్యేది. మూడు వారాల్లో నువ్వెప్పుడూ చూడని పేరా ఇస్తాను. వందకి యాభై రావాలి."

"రాకపోతే?"

"తప్పావని రాయాల్సి వస్తుంది. నాకు వేరే దారి లేదు."

ఐదు రోజులు ఇంట్లో చెప్పలేదు. నా వీసా గడువు అయిపోవడానికి ముప్పై ఎనిమిది రోజులున్నాయి, పరీక్షకి ఇరవై ఒకటి, ఫలితానికి ఇంకో వారం అనుకుంటే మిగిలేది పది. ఈ కూడికలు తీసివేతలు స్నానం చేస్తున్నా ఆగేవి కావు. "క్యా హోరా రే తేరెకు, ఏమైందిరా నీకు? సగం రొట్టె ఇడిచిపెట్టినవ్" అని అమ్మీ నుదురు తాకి చూసింది. శుక్రవారం పొద్దున ఖిచ్డీ, ఖట్టా. ఆ పులుపు వాసనకే ఎప్పుడైనా లేచి కూర్చునేవాణ్ణి, ఆ రోజు పళ్లెం ముందు లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. నాన్న చాయ్ గ్లాసు కింద పెట్టారు. ఇక దాచలేకపోయాను. సీటు సంగతి, కాగితం సంగతి, మూడు వారాల సంగతి అన్నీ ఒక్క ఊపులో చెప్పేశాను. అమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని తీసేసింది?"

"మూడు."

"నడిమిట్లకెల్లినా, చివరికెల్లినా?"

"నడిమిట్లకెల్లి."

ఆయన పెద్దగా నవ్వారు. అంత ఆందోళనలో ఆ నవ్వు నాకు కోపం తెప్పించింది. "మీ మేడం ఎన్నడన్న స్టోర్ల పనిచేసిందా, అడిగి రా" అన్నారు. సంగతేమిటంటే, ఏడాదికోసారి స్టోర్‌లో సామానంతా లెక్కపెడతారు. కుర్రాళ్లు కొందరు ర్యాక్ దాకా పోకుండా పుస్తకంలో ఉన్న అంకెనే దించి తెస్తారు. అందుకని లెక్కకు ముందు రోజు నాన్న ఏదో ఒక ర్యాక్ నుంచి రెండు బేరింగులు తీసి తన సొరుగులో పెట్టేవారట. చూసి రాసినవాడు పది అని రాస్తాడు, చూడనివాడు పన్నెండు అని.

"దొరికినోన్ని ఏం చేసేటోనివి?" అని అడిగాను.

"ఏం చేస్త? పక్కన నిలబడి మళ్ల లెక్కపెట్టిపిచ్చేటోన్ని. యల్లా, నడువ్, నీ కితాబ్ తే."

ఆ రోజు నుంచి రోజూ నాలుగింటికి, డ్యూటీ దిగి స్నానం చేసి, ఒంటి మీద ఇంకా కాస్త అమ్మోనియా వాసనతోనే నా పక్కన కూర్చునేవారు. ఆయనకి లాటిన్ ఒక్క అక్షరం రాదు. ర్యాకులకి వేలాడదీసే చిన్న అట్టలు, సరుకు పేరూ వచ్చిందీ పోయిందీ రాసుకునేవి, స్టోర్‌లో బిన్ కార్డులంటారు. పాడైనవి ఒక కట్ట తెచ్చారు. ఒక్కో లాటిన్ మాటకీ ఒక కార్డు. స్కేలుతో మిగతా వరసంతా మూసి ఒక్క మాటే కనిపించేలా పెట్టేవారు.

"గిదేంది?"

"ధాన్యం."

"అది పనిచేస్తున్నదా, దాని మీద ఎవరన్న పనిచేస్తున్నరా?"

చివర చూసి చెప్పాలి. "దాని మీద చేస్తున్నరు."

"ఎవరు?"

"తెల్వది."

"తెల్వకుంటే ఖాళీ ఇడిచిపెట్టు. గీత గియ్యి."

"మార్కులు పోతయ్ అబ్బా."

"పోనీ. లేని సామాన్ ఉన్నదని రాస్తివి, రేపు ఫిట్టర్ వచ్చి అడుగుతడు. ఏం తీసి ఇస్తవ్? నీ తలకాయనా?"

మొదటి రోజు అరవై మాటల పేరాలో ముప్పై నాలుగు గీతలు. ఆ కాగితం చూస్తే పళ్లు రాలిన నోరులా ఉంది, నాకు ఏడుపొచ్చింది. మర్నాడు ముప్పై ఒకటి. పదో రోజు ఇరవై రెండు, పదకొండో రోజు మళ్లీ ఇరవై ఏడు. ఆ రోజు నేను పుస్తకం విసిరేశాను. నాన్న తెచ్చి మళ్లీ తెరిచారు. ఇప్పుడు నేను దోహాలో వెస్ట్ బేలో ఒక ఆఫీసులో పనిచేస్తాను. డ్రాయింగులు చూసి, కట్టబోయే దానికి ఎంత ఇనుము, ఎన్ని తలుపులు కావాలో లెక్క తీస్తాను. దానికి చదువేమీ లేదు, చేస్తూ నేర్చుకున్నదే. నా కింద పనిచేసే ఇంజనీర్లు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెను క్షణంలో పంపేస్తారు. నేను ఒక్కో తలుపు మీదా పెన్సిల్ పెట్టి లెక్కపెడతాను, అర్థంకాని చోట "తెలియదు" అని రాసి పంపుతాను. వాళ్లు నన్ను చూసి నవ్వుకుంటారని తెలుసు. వాళ్లకున్న ధైర్యం నాకెప్పుడూ రాలేదు. వాళ్లు హాయిగా నిద్రపోతారు, నేను పంపిన అంకె గురించి దారంతా ఆలోచిస్తాను. ఇందులో ఎవరు మెరుగో తేల్చలేను. సఫియా ఫోన్‌లో అనువాదం చూసి ఆ రోజు నాకు చెమటలు పట్టింది ఇందుకే అనుకుంటాను.

పరీక్ష రోజు డాక్టర్ గ్రేస్ తన గదిలోనే కూర్చోబెట్టారు. ముందు వాక్యాలు లెక్కపెట్టాను, పన్నెండు. స్కేలు పెట్టి ఒక్కో మాటే విప్పుకుంటూ పోయాను. గంటన్నర పట్టింది. శత్రువులు చుట్టుముట్టిన ఒక పట్టణం కథ అది. సేనాని ధాన్యపు గోదాము కాపరిని పిలిచి ఎన్ని రోజులకు సరిపోతుందని అడుగుతాడు. ఇరవై రోజులకని అతను చెబుతాడు. ఆ మాట వింటే ప్రజలు బెదిరిపోతారని, అందరి ముందూ నలభై అని చెప్పమంటాడు సేనాని. ప్రజలు గుమిగూడతారు, కాపరిని అడుగుతారు. చివరి వాక్యంలో చివరి మాట, అతను ఏం చేశాడో చెప్పే మాట, నాకు రాలేదు. ఏదో ఒకటి ఊహించి పెట్టాలని చెయ్యి లాగింది. ఒప్పుకున్నాడు అని పెట్టినా, ఒప్పుకోలేదు అని పెట్టినా సగం అవకాశం ఉంది కదా అనుకున్నాను. గీత గీసి ఇచ్చేశాను. మొత్తం తొమ్మిది గీతలు.

ఇంటికి రాగానే నాన్న ఎలా రాశావని అడగలేదు. కథ అడిగారు. చెప్పాను.

"మరేమన్నడు ఆ స్టోర్‌కీపర్?"

"తెల్వదబ్బా. ఆ మాట రాలే. గీత పెట్టిన."

నాన్న లేచి నిలబడ్డారు. "అసల్ దగ్గరనే గీత పెడితివా!"

"నువ్వే గదా పెట్టమన్నవ్."

పేపరు వెనక్కి తీసుకున్నారు, ఆ మాట 'ట'తో మొదలవుతుందని తప్ప నాకు గుర్తులేదు. ఫలితానికి ఆరు రోజులు. ఆ ఆరు రోజులూ మా ఇంట్లో నా మార్కుల మాట ఎవరూ ఎత్తలేదు, గోదాము కాపరి గురించే వాదన. "నలభై అని చచ్చినా అనడు" అని నాన్న. "అనకుంటే గర్దన్ కోస్తరు. ఇంట్ల పెళ్లాం పిల్లలున్నోడు అంటడు" అని అమ్మీ. "నీకెర్కేనా స్టోర్ పని?" "నీకెర్కేనా ఇల్లు నడిపిచ్చుడు?" నాకు మాత్రం వాళ్ల మాటల కింద పదిహేడు, పదహారు, పదిహేను అనే లెక్క వినిపిస్తూనే ఉండేది. వీసా కాగితాలున్న ప్లాస్టిక్ కవరు అమ్మీ బీరువాలోంచి తీసి, తుడిచి, మళ్లీ లోపల పెట్టడం రెండుసార్లు చూశాను.

ఏడో రోజు డాక్టర్ గ్రేస్ కాగితం చేతికిచ్చారు. యాభై నాలుగు. నేను దాన్ని తిప్పి, ఒక్కో మార్కూ కూడి చూసుకున్నాను. యాభై నాలుగే. నా తొమ్మిది గీతల మీద ఆమె ఎక్కడా ఎర్ర సిరా పెట్టలేదు, మార్కూ వెయ్యలేదు. చివరి గీత చూపించి ఆ మాటేమిటని అడిగాను. ఆమె చెప్పారు. తరువాతేమైందని అడిగితే, పేరా అక్కడితో అయిపోయిందన్నారు.

బస్సు దిగేసరికి నాన్న స్టాపులో ఉన్నారు. యూనిఫాం మార్చుకోలేదు, బూట్లు విప్పలేదు, డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నారు. నేను నోరు తెరిచేలోపే "ఏమన్నడు?" అన్నారు.

"ఏమీ అనలేదంట అబ్బా. సప్పుడు జెయ్యకుండ నిలబడ్డడంట."

ఆయన నాతో పాటు నడుస్తూ చాలా దూరం ఆలోచించారు. "అయితే అందరికి తెల్సిపోయి ఉంటది" అన్నారు. "ఎంతున్నదని అడిగితే స్టోర్‌కీపర్ సప్పుడు జెయ్యలేదంటే, ఇగ సమజ్ అయిపోతది." ఇంకో ఇరవై అడుగులు వేశాక ఆగారు. "అరే, మార్కులు?"

"యాభై నాలుగు."

లెక్క వేస్తే, అప్పుడు ఆయనది ఇప్పటి నా వయసే. ఆయన శభాష్ అనలేదు, అల్లా దయ అని కూడా అనలేదు. జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. చలికాలం, గాలి సముద్రం వైపు నుంచి వీస్తోంది, చెమట పట్టే రోజు కాదు. అయినా నిలబడి తుడుచుకుంటూనే ఉన్నారు. సీటు, కాగితం, నిజామాబాద్, ఆ మూడు మెట్లూ రోజూ దిగింది నేనొక్కణ్ణే అనుకున్నాను అప్పటిదాకా.